వస్తువును దాని చోటును : రాజమహేంద్రవర పురావస్తు ప్రదర్శనశాలా దర్శనము

సాహిత్యచరిత్ర పరిశోధకుడు సామాన్యముగా గ్రంథములను నమ్ముకొనినవాడు. శాసనము సైతము అతనికి గ్రంథరూపముననే చేరును. సంపుటములందు అచ్చుపడిన పాఠము, దాని తలపై శకవర్షము, రాజు పేరు, క్రింద సంపాదకుని వివరణము - ఇంతవఱకే అతని దృష్టి ప్రసరించును. ఆ పాఠము చెక్కబడిన రాయి ఏ యూరి గుడిలో ఏ దిక్కున నిలిచియున్నది, ఆ రాగిరేకులు ఏ గ్రామమునకు సంబంధించినవి, ఆ నాణెము ఏ తీరమున బయటపడినది అను ప్రశ్నలు పురావస్తు శాస్త్రజ్ఞునివని అతడు విడిచిపెట్టును. ఈ విడుపు వలన తెలుగు భాషాచరిత్రకును, సాహిత్యచరిత్రకును కలుగు నష్టము తక్కువది కాదు. దొరకిన చోటు ఆ వస్తువు యొక్క అర్థములో సగపాలు. చోటు నెఱుగక చదివిన శాసనము సగము చదివిన శాసనమే. దీనిని గోదావరీ మండలమునందలి నిదర్శనములతో నిరూపించుట ఈ వ్యాసమున మా యుద్దేశము.

ఇందులకు రాజమహేంద్రవరమునందలి శ్రీ రాళ్లబండి సుబ్బారావు ప్రభుత్వ పురావస్తు ప్రదర్శనశాలను మొదట పేర్కొనుచున్నాము. పరిశోధక విద్యార్థులతో కూడ మేము ఈ శాలను దర్శించినపుడు కలిగిన యాలోచనలే ఈ వ్యాసమునకు మూలము. ఈ శాల పుట్టుక తెలుగు అధ్యాపకులు ప్రత్యేకముగా ఎఱుగదగినది. రాజరాజనరేంద్రుని పట్టాభిషేకము 1022వ సంవత్సరము ఆగస్టు 16వ తేదీన జరిగినదని కోరుమిల్లి తామ్రశాసనము వలన తేలినది. ఆ ఘట్టమునకు తొమ్మిది వందల యేండ్లు నిండిన 1922లో రాజమహేంద్రవరమున ఆంధ్రేతిహాస పరిశోధక మండలి వెలసెను. 1926 నుండి ఆ మండలి పత్రిక వెలువడసాగెను. దానిని నడిపినవారిలో ముఖ్యులైన రాళ్లబండి సుబ్బారావుగారు వృత్తిచేత చరిత్రోపన్యాసకులు. కళాశాలలో పాఠములు చెప్పుచునే రాళ్లను, రేకులను, నాణెములను, తాటాకు గ్రంథములను కూర్చుటకు ఆయన పూనుకొనిరి. అట్టి కృషి ఫలితముగా ఏర్పడినదే 1967లో ప్రభుత్వ ప్రదర్శనశాల యయ్యెను. రాజుల ధనాగారముగా గాని, దొరల వేడుకగా గాని ఇది పుట్టలేదు. ఒక అధ్యాపకుని శ్రద్ధవలన పుట్టినది. ఈ సంగతిని వ్యాసాంతమున మరల స్మరింపవలసి వచ్చును.

శాలలో శిలావిగ్రహములు కలవు, మట్టిపాత్రలు కలవు, నాణెములు కలవు, వ్రాతప్రతులు కలవు. వీనిని చూచునపుడు విద్యార్థులు మొదట అడుగు ప్రశ్న ‘ఇది యెవరిది? ఏ కాలమునాటిది?’ అనునది. అది సహజమే. కాని మేము వారిని ముందుగా వేఱొక ప్రశ్న వేయుమంటిమి: ‘ఇది ఎక్కడిది?’ మొదటి ప్రశ్నకు వస్తువే కొంతవఱకు సమాధానము చెప్పుకొనగలదు. లిపి తీరు, శిల్పపు తీరు, లోహపు తీరు కాలమును సూచించును. రెండవ ప్రశ్నకు మాత్రము వస్తువు తనంతట తాను సమాధానము చెప్పజాలదు. తెచ్చినవారు చెప్పినచో తెలియును. లేనిచో ఎన్నటికిని తెలియదు.

గోదావరీ మండలమున ఈ ప్రశ్నకు మఱింత బలము కలదు. డెల్టా నడుమ నేల యంతయు నది తెచ్చి పోసిన ఒండ్రు. అందు రాయి పుట్టదు. ధవళేశ్వరము వద్ద 1847 మొదలు 1852 వఱకు ఆనకట్ట కట్టినపుడు రాయి దొరకినది అచ్చటి కొండలోనే గాని దిగువ లంకలలో కాదు. కావున కోనసీమలోని ఒక పల్లెలో పాత శిలావిగ్రహ మొకటి కనబడినచో, దానిని ఎవరో ఎగువనుండి తెప్పించిరి అనుట నిశ్చయము. రాతిని తెప్పింపగల ధనమును, దింపుకొను రేవును, నిలుపుకొను గుడియును ఆ యూరికి ఒకప్పుడు ఉండెనన్నమాట. అదే విగ్రహమును ఊరిపేరు లేకుండ ఒక గదిలో నిలిపినచో ఈ చరిత్రలో ఒక్క ముక్కయు మిగులదు. మిగులునది శిల్పసౌందర్యము మాత్రమే.

విగ్రహము ఊరిలో నుండుటయే కాదు, గుడిలో ఏ దిక్కున నున్నది అనుటయు ముఖ్యమే. దేవాలయపు గోడగూళ్లలో ఏ దేవత ఏ దిక్కున నుండవలెనో ఆగమములు నియమించినవి. దక్షిణామూర్తి యను పేరే దిక్కును చెప్పుచున్నది. బిక్కవోలులోని తూర్పుచాళుక్యుల యాలయములు నేటికిని నిలిచియుండుటచేత అచ్చటి మూర్తులను వాని గూళ్లలోనే చూడగలుగుచున్నాము. ఈ యూరి పేరును చూడుడు. వేంగి నేలిన గుణగ విజయాదిత్యునకు (848-892) బిరుదాంకుడని పేరు. ఆ పేరిట వెలసిన ప్రోలే నేటి బిక్కవోలు. రాజు బిరుదము ఊరిపేరున కరగి, ‘ప్రోలు’ ‘వోలు’గా మాఱి, వేయేండ్లకు పైగా జనుల నోట నిలిచినది. గుడులు, విగ్రహములు, పేరు - మూడును ఒకచోట నున్నవి గనుక ఒకదానికొకటి సాక్ష్యము చెప్పుచున్నవి. వీనిలో ఏ యొకదానిని ఎత్తి దూరముగ పెట్టినను మిగిలిన రెండును సగము మూగబోవును.

నాణెముల విషయమున ఈ సూత్రము ఇంకను స్పష్టము. తూర్పుచాళుక్యులలో మొదటి శక్తివర్మయు, రాజరాజనరేంద్రుడును బంగారు నాణెములను వేయించిరి. పలుచని రేకువంటి ఈ నాణెముల నడుమ వరాహ లాంఛనము, చుట్టును రాజు పేరు ఉండును. శక్తివర్మ నాణెములపై ‘చాళుక్యచంద్ర’ యను బిరుదము కలదు. ఇట్టి నాణెములు వేంగిలో దొరకియున్నచో మనకు తెలియునది స్వల్పము: రాజు నాణెము వేయించెను, ప్రజలు వాడుకొనిరి. కాని వీనిలో కొన్ని దొరకినది సముద్రమునకు ఆవల, అరకాను తీరమునందలి చెదుబా ద్వీపమునను, సయాము దేశమునను. నాణెము ఒకటే. చోటు మాఱినంతనే దాని కథయు మాఱినది. నన్నయ భారతము వ్రాసిన రాజ్యమునకు తూర్పు సముద్రముపై రాకపోకలు ఉండెనని, వేంగి బంగారము ఆవలి తీరముల చేతులు మాఱెనని ఈ నాణెములు సాక్ష్యమిచ్చుచున్నవి. ఇంత సాక్ష్యము నాణెముపై వ్రాసినది కాదు. నాణెము పడియున్న నేల చెప్పినది.

చోటు విలువను ఇంతకంటె స్ఫుటముగ చూపు దూరదేశపు నిదర్శనమొకటి కలదు. దానితో పోల్చి చూచిన మన నగరపు స్థితి తేటపడును. యెరూషలేము ప్రాచీన నగరమున యూదుల పేట యని ఒక భాగము. 1948 నాటి యుద్ధమున ఆ పేట చాలవఱకు శిథిలమయ్యెను. 1967 తరువాత దానిని తిరిగి కట్ట తలపెట్టినపుడు, క్రొత్త పునాదులు పడకముందే క్రింది నేలను త్రవ్వి చూడవలెనని నిర్ణయమైనది. నహ్మాన్ అవిగాద్ అను పురావస్తు శాస్త్రజ్ఞుడు 1969 మొదలు 1982 వఱకు అచ్చట త్రవ్వకములు జరిపెను. నేటి వీథిమట్టమునకు క్రింద, హేరోదు కాలమునాటి సంపన్నుల ఇండ్లు బయల్పడెను. రంగురాళ్లు పొదిగిన నేలలు, చిత్రములు వ్రాసిన గోడలు, మెట్లు దిగి స్నానము చేయు శుద్ధికుండములు, రాతి బల్లలు, రాతి పాత్రలు కానవచ్చెను. పైన క్రొత్త కట్టడము లేచినది. క్రింద ఆ పాత ఇండ్లు ఉన్నచోటనే 1987లో ప్రదర్శనశాలగా తెఱువబడెను. అనగా ఆ శాలలోనికి వస్తువులను తేలేదు. వస్తువులు ఉన్నచోటికే శాలను తెచ్చిరి.

ఆ రాతిపాత్రల సంగతి తెలుగు పరిశోధకునకు పాఠము వంటిది. అంత ధనికులు మట్టిపాత్ర, లోహపాత్ర ఉండగా ఇన్ని రాతిపాత్రల నేల వాడిరి? యూదుల ధర్మశాస్త్రము ప్రకారము మట్టిపాత్రకు మైల సోకినచో దానిని పగులగొట్టవలసినదే. రాతికి మైల అంటదు. మడి, మైల యను మాటల నెఱిగిన మనవారికి దీనిని వివరింపనక్కఱలేదు. శాస్త్రగ్రంథములో మాటగా నున్న నియమము ఆ వంటయింటిలో వస్తువుగా కనబడినది. శుద్ధికుండము ప్రక్కనే రాతిపాత్ర యుండుట చేతనే ఆ యర్థము నిర్ధారణ యైనది. అంగడిలో కొనివచ్చిన రాతిపాత్ర యైనచో అది రాతిపాత్ర మాత్రమే.

ఆ పేటలోనే ‘కాలిన యిల్లు’ అని పేరు పొందిన మఱొక గృహము కలదు. క్రీ.శ. 70లో రోమను సైన్యము నగరమును కాల్చినపుడు అది కూలెను. మసి, బూడిద, కూలిన దూలములు, ఒక యువతి చేతి యెముకలు అందు దొరకినవి. ఆ బూడిదలో ఒక తూనికరాయి కలదు. దానిపై ‘బర్ కథ్రోస్’ అను పేరు చెక్కియున్నది. కథ్రోస్ కుటుంబము పెద్ద పూజారుల వంశములలో ఒకటి. తాల్మూదు గ్రంథము ఆ వంశమును తన అధికారమును దుర్వినియోగము చేసినవారిలో పేర్కొనుచున్నది. గ్రంథములో నిందగా మిగిలిన పేరు, కాలిన యింటిలో తూనికరాతిపై యజమాని గుర్తుగా దొరకినది. గ్రంథమును వస్తువును చోటు కలిపినది. రాయి ఒక్కటే చేతికి వచ్చియున్నచో ఆ కలయిక జరిగెడిది కాదు.

ఇప్పుడు రాజమహేంద్రవరమునకు వత్తము. ఇది నన్నయ నివసించి ఆంధ్రభారతమునకు శ్రీకారము చుట్టిన నగరము. ఐనను, ఆ నాటి వీథి యొక్కటియైనను, ఇల్లు ఒక్కటియైనను, రాజభవనపు గోడ యొక్కటియైనను ఇది యని చూపగల స్థితిలో మనము లేము. పదునొకండవ శతాబ్దపు నగరము నేటి నగరము క్రింద నున్నది. ప్రజలు విడువక నివసించుచున్న పట్టణములకు ఇది సహజమైన గతి. యెరూషలేములో యుద్ధము పేటను కూల్చుటచేత క్రింది నేలను చూచు అవకాశము కలిగెను. అట్టి యాపద మనకు కోరదగినది కాదు. కాని ఫలితమేమనగా, నన్నయ నగరమును గూర్చి మనకు తెలిసినది నగరమునుండి గాక, చుట్టునున్న పల్లెలనుండి వచ్చిన రాగిరేకుల వలననే తెలిసినది. నగరపు పేరును గూర్చిన చర్చ సైతము ఇట్టిదే. రాజరాజనరేంద్రుని పేరున ఈ నగరము వెలసినదని జనశ్రుతి. ‘రాజమహేంద్ర’ బిరుదము అతనికి పూర్వులైన మొదటి అమ్మరాజునకును, రెండవ అమ్మరాజునకును ఉండెనని శాసనములు చెప్పుచున్నవి. నగరపు నేలయే సాక్ష్యమిచ్చువఱకు ఈ చర్చ రేకులపైననే నడువవలెను.

సాక్ష్యము లేనిచోట కథ వచ్చి కూర్చుండును. రాజమహేంద్రవరమున సారంగధరుని మెట్ట యని జనులు చూపు స్థల మొకటి కలదు. రాజరాజనరేంద్రుని కొడుకు సారంగధరుడని, సవతితల్లి చిత్రాంగి మోపిన నిందచేత అతని కాలుసేతులు నఱకించిరని కథ. చేమకూర వేంకటకవి దీనిని కావ్యముగా వ్రాసెను. తరువాతి కాలమున నాటకములుగా ఊరూర ఆడిరి. శాసనముల వలన తెలియు రాజరాజు పట్టపురాణి రాజేంద్రచోళుని కుమార్తె అమ్మంగదేవి. కుమారుడు రాజేంద్రుడు, పిదప కులోత్తుంగ చోళుడని ప్రసిద్ధికెక్కినవాడు. చిత్రాంగి గాని సారంగధరుడు గాని ఆ రేకులలో కానరారు. ఇందు మన జనులు ప్రత్యేకముగా చేసిన దోషమేదియు లేదు. యెరూషలేములో ‘దావీదు బురుజు’ అని యాత్రికులు తరతరములుగా చూచుచున్న కట్టడపు అడుగుభాగము దావీదునకు సుమారు వేయేండ్ల తరువాత హేరోదు కట్టించినది. ప్రసిద్ధుని పేరు ఖాళీగా నున్న చోటును వెదకికొనును. కావున స్థలమును గౌరవించుట యనగా స్థలపురాణమును నమ్ముట కాదు. స్థలము చెప్పునదేదో, స్థలముపై చెప్పబడునదేదో వేఱు చేయుటయే పరిశోధన.

ఈ రెంటిని వేఱుచేసి చూచినపుడు కలుగు లాభమునకు నందంపూడి తామ్రశాసనమే ఉత్తమ నిదర్శనము. రాజరాజనరేంద్రుడు తన యేలుబడి ముప్పదిరెండవ యేట, అనగా 1053లో, నారాయణభట్టునకు నందమపూణ్డి యను గ్రామమును దానము చేసెను. నారాయణభట్టు సంస్కృత, కర్ణాట, ప్రాకృత, పైశాచిక, ఆంధ్ర భాషలలో కవియని శాసనము కీర్తించుచున్నది. నన్నయకు భారతరచనలో తోడ్పడిన మిత్రుడు ఇతడే. శాసనమున కావ్యకర్త నన్నియభట్టు, లేఖకుడు గండాచార్యుడు. తెలుగు సాహిత్య విద్యార్థులలో ఇంతవఱకు ఎఱుగనివారుండరు. నన్నయ కాలనిర్ణయమునకు ఇది పెట్టనికోట యని అందఱమును పాఠము చెప్పుచునే యున్నాము.

కాని శాసనము ఇంతటితో ముగియలేదు. దానమిచ్చిన గ్రామము ‘రెండేరులనడిమి విషయము’న నున్నదని అందు కలదు. ఈ పేరు అచ్చ తెలుగు. ఏ రెండేరుల నడుమ? శాసనపాఠమును మాత్రమే చదువువానికి కృష్ణాగోదావరులే తోపవచ్చును. వేంగి దేశమంతయు ఆ రెంటి నడుమనే యున్నది గదా. నందంపూడి నేటికిని కోనసీమలో నున్న గ్రామము. ఆ యూరిని పటములో గుర్తించిన మఱుక్షణమే సందేహము తీరును. ఆ యేరులు గోదావరి పాయలే. అనగా నేడు కోనసీమ యని మనము పిలుచు సీమకు పదునొకండవ శతాబ్దమునందలి యేలుబడి పేరు రెండేరులనడిమి విషయమని తెలిసినది. ఈ యర్థమును ఇచ్చినది నిఘంటువు కాదు, వ్యాకరణము కాదు, ఊరు.

భాషాచరిత్రకును ఇట్టి లాభమే కలదు. శాసనమున నందమపూణ్డి, నేడు నందంపూడి. ‘పూణ్డి’ యను పదాంతము ‘పూడి’ యైనది. నడుమనున్న అనునాసికము జాఱినది. ఈ మార్పును రుజువు చేయవలెనన్నచో ఆ పేరు, ఈ పేరు ఒకే యూరివి యని ముందుగా తేలవలెను. రెండు పేర్లను పుస్తకములో ప్రక్కప్రక్కన వ్రాసికొనుట రుజువు కాదు. ఊరు అదే చోటున నిలిచియుండుటయే రుజువు. కొరుమెల్లి కోరుమిల్లి యగుటయు ఇట్లే. తెలుగున ధ్వనిపరిణామమునకు తేదీలతో కూడిన సాక్ష్యము మనకు గ్రామనామములందు దొరకినంత సమృద్ధిగా వేఱొకచోట దొరకదు.

తామ్రశాసనములందు గ్రామపు ఎల్లలను చెప్పు భాగమును మన విద్యార్థులు తఱచుగా దాటిపోవుదురు. రాజవంశవర్ణన యంతయు సంస్కృతము; అచ్చట కవిత్వము, అలంకారము కలవు. ఎల్లలు చెప్పుచోట మాత్రము తెలుగు తలయెత్తును. పొలగరుసు వంటి మాటలు, గుంటలు, పుట్టలు, చెట్లు, త్రోవల పేర్లు అచ్చట వచ్చును. కారణము స్పష్టము. వంశవర్ణన సభలో చదువుటకు. ఎల్లలు పొలములో నడుచుటకు. తగవు వచ్చిననాడు రైతులు ఆ మాటలను విని, ఆ గట్టుమీద నడిచి, ఇది మాది, అది మీది యని తేల్చుకొనవలెను. కావున నన్నయనాటి వాడుక తెలుగునకు మిక్కిలి దగ్గఱగా పోగోరువాడు ఆ పంక్తులను చదువవలెను. చదివి, ఆ పొలములకు పోయి, నేటి రైతు ఆ గుంటను ఏమని పిలుచుచున్నాడో అడుగవలెను. చేల పేర్లు ఏ గ్రంథమునను ఉండవు. అవి రైతు నోట నుండును.

ఉన్నచోటనే నిలిచియుండి మనకు ఉపకరించుచున్న శాసనములు ఈ ప్రాంతమున మఱికొన్ని కలవు. పిఠాపురము కుంతీమాధవాలయము నెదుట నలుపలకల స్తంభ మొకటి కలదు. దానిపై 1186లో వెలనాటి పృథ్వీశ్వరుని శాసనము, 1195లో కోన ప్రభువులైన మల్లిదేవ మన్మసత్యుల శాసనము, 1202లో చాళుక్య మల్లపదేవుని శాసనము చెక్కబడినవి. సంపుటములందు ఇవి వేఱువేఱు సంఖ్యలతో, వేఱువేఱు పుటలలో అచ్చయినవి. పుస్తకములో చదువువానికి ఇవి వేఱువేఱు శాసనములు. స్తంభము నెదుట నిలుచువానికి మాత్రము పదునాఱేండ్ల వ్యవధిలో మూడు వంశములవారు ఒకే దేవుని సన్నిధిని, ఒకే రాతిపై తమ పేరు నిలుపుకొనగోరిరని ఒక్క చూపున బోధపడును. రాజమహేంద్రవరములోనే పాత మసీదు ద్వారమున 1324 నాటి పారసీక శాసనము కలదు. ఢిల్లీ సుల్తానుల యేలుబడి ఓరుగల్లును దాటి గోదావరి వఱకు వచ్చిన తేదీ దాని వలన నిశ్చయముగ తెలియుచున్నది. గుంటుపల్లి కొండపై బౌద్ధ విహారమునందు మహామేఘవాహన వంశపు రాజు సిరిసదుని లేఖకుడైన చుళగోముడు మండపమును దానము చేసినట్లు ఆ మండపపు స్తంభములపైననే వ్రాయించెను. వ్రాయసకానికి తన పేరిట మండపము కట్టించుకొను స్తోమత ఆనాడు కలదని ఆ రాయి చెప్పుచున్నది. ఆ మండపమెంతయో అక్కడ నిలిచి కొలిచి చూడవచ్చును.

ఇట్లు చెప్పుటచేత ప్రదర్శనశాలలు వలదని మా యభిప్రాయమని ఎవరును తలంపరాదు. వస్తువు ఉన్నచోటనే యుండుట ఉత్తమము. కాని ఉన్నచోట ఉండనీయని కాలము కూడ ఉండును. పాడుపడిన గుడి రాళ్లు కాలువ మెట్లగును. రాగిరేకులు తూకమునకు పోవును. తాటాకు గ్రంథములు గోదావరిలో కలియును. అట్టివానిని ఎత్తి తెచ్చినవారు లేకున్నచో నేడు మనము చర్చించుటకు వస్తువే యుండదు. ఆ ఋణము మఱవరానిది. ఐతే ఎత్తి తెచ్చునపుడు చోటును గూడ తేవలెను. అనగా చోటును గూర్చిన వ్రాతను తేవలెను.

దీనికి అమరావతి చరిత్రయే సాక్షి. 1797 ప్రాంతమున వాసిరెడ్డి వేంకటాద్రినాయుని కట్టడములకై దిబ్బను త్రవ్వినపుడు అచ్చటి శిల్పములు వెలుగుచూచినవి. కాలిన్ మెకంజీ వానిని చూచి, 1816లో తిరిగి వచ్చి, తన చిత్రకారులచేత పలకలను, స్తూపపు పటమును గీయించెను. 1845లో వాల్టర్ ఇలియట్ త్రవ్వించిన శిల్పములు మదరాసునకు, అటనుండి 1859లో లండనునకు చేరినవి. నేడు ఆ స్తూపపు ప్రాకారము లండనులో కొంత, చెన్నైలో కొంత, అమరావతిలో కొంత. ఏ పలక ఏ పలక ప్రక్కన నుండెనో చెప్పుటకు విద్వాంసులు తరతరములుగా శ్రమపడుచున్నారు. ఆ శ్రమలో వారికి నమ్మకమైన యాధారము మెకంజీ గీయించిన ఆ చిత్రములే. రాళ్లు పోయిన తరువాత కూడ చోటు కాగితముపై నిలిచినది. కాగితము లేని రాళ్ల విషయమున ఊహయే శరణ్యము.

ఇది గతించిన విషయము మాత్రమే కాదు. గోదావరీ మండలమున నేల నేడు మునుపెన్నడును లేనంత వేగముగా త్రవ్వబడుచున్నది. రాజమహేంద్రవరపు పాత పేటలలో పెంకుటిండ్లు పోయి అంతస్తుల మేడలు లేచుచున్నవి. వాని పునాదులు పూర్వపు పునాదులకంటె చాల లోతు. డెల్టాలో వరిచేలు చేపల చెఱువులుగను, రొయ్యల చెఱువులుగను మాఱుచున్నవి. గట్టు పోయినచో ఎల్ల పోవును. చేను పోయినచో చేని పేరు పోవును. నన్నయ రాజధాని యొక్క జాడ ఆ పునాదుల మట్టిలో బండికెక్కి పోవుచున్నదేమో యని భయము కలుగుచున్నది. చట్టములు లేకపోలేదు. 1878 నాటి నిక్షేపముల చట్టము పది రూపాయలకు మించిన విలువ గల నిక్షేపము దొరకినచో కలెక్టరునకు తెలుపవలెనని విధించినది. 1960లో రాష్ట్ర పురావస్తు చట్టము, 1972లో పురావస్తువులను గూర్చిన కేంద్ర చట్టము వచ్చినవి. చట్టము వస్తువును కాపాడగలదు. దొరకిన లోతును, ప్రక్కనున్న పెంకును, అచ్చటి రైతు చెప్పిన మాటను చట్టము కాపాడజాలదు. అక్కడ ఉన్నవాడు వ్రాసికొనినచో అవి నిలుచును.

అక్కడ ఉండువాడెవడు? ప్రతి గ్రామమునను పురావస్తు శాఖవారు ఉండజాలరు. ప్రతి గ్రామమునుండి మాత్రము మన తరగతులకు విద్యార్థులు వచ్చుచున్నారు. ప్రతి మండలమునను తెలుగు అధ్యాపకులు ఉన్నారు. కావున మేము పరిశోధక విద్యార్థులకు చెప్పుచున్న నియమములను ఇచ్చట క్రోడీకరించుచున్నాము. మొదటిది: ఏ వస్తువు కనబడినను ఊరిపేరుతోపాటు చేని పేరును, సర్వే సంఖ్యను వ్రాసికొనవలెను. రెండవది: అది ఎంత లోతున, ఏ ముఖముగా, వేఱే ఏ వస్తువులతో కూడి దొరకినదో వ్రాసికొనవలెను, విలువలేదని పాఱవేయు పెంకులను గూడ లెక్కింపవలెను. మూడవది: దానిని గూర్చి ఊరివారు చెప్పుకథను, చెప్పినవారి మాటలోనే, సాక్ష్యమునకు వేఱుగా నుంచి వ్రాసికొనవలెను. నాలుగవది: కదలించుటకు ముందే ఛాయాచిత్రము తీయవలెను, శాసనమైనచో తడికాగితము అద్ది సిరాతో ఎస్టాంపేజి తీయించు ఏర్పాటు చేయవలెను, అధికారులకు తెలుపవలెను. వస్తువును తానై తీసికొనిపోరాదు. వీనిలో ఏ యొక్కటియు గొప్ప పాండిత్యమును కోరునది కాదు.

పరిశోధన వ్యాసములు వ్రాయువారికి ఇంకొక మనవి. శాసనమును ఉదాహరించునపుడు సంపుటసంఖ్యతోపాటు ఆ శాసనము నేడు ఎచ్చట నున్నదో, మొదట ఎచ్చట నుండెనో ఒక్క వాక్యములో చెప్పుట ఆచారముగా పెట్టుకొందము. దానమైన గ్రామము నేటి యే గ్రామమో గుర్తించి, వీలైనచో ఒకమాఱు ఆ యెల్లలను నడిచి వచ్చిన పిదపనే సిద్ధాంతము చేయుదము. ద్రాక్షారామ భీమేశ్వరాలయపు శాసనములు వందల కొలది అచ్చయినవి. వానిలో ఏది ఏ స్తంభముపై, ఏ గోడపై నున్నదో గుర్తించుచు ఆలయము చుట్టును తిరిగిన విద్యార్థికి, ఇంటికడ పుస్తకము చదివిన విద్యార్థికిని గల భేదమును పరీక్షాధికారులు సులభముగ కనిపెట్టగలరు.

రాళ్లబండి సుబ్బారావుగారు అధ్యాపకులని మొదట చెప్పియుంటిమి. ఒక తరపు అధ్యాపకులు వస్తువులను నశింపకుండ కాపాడిరి. మన తరమునకు మిగిలిన పని ఆ వస్తువుల చోటులను కాపాడుట. మొదటి పనికి ధనము, స్థలము, ప్రభుత్వ సహాయము కావలసి వచ్చెను. రెండవదానికి ఒక కలము, ఒక నోటుపుస్తకము, ఊరివారితో కూర్చుండి మాటాడు ఓపిక చాలును. ఈ సులభమైన పనిని చేయకున్నచో మన తరువాతివారు నన్నయ సీమను గూర్చి చదువుటకు రేకులు మిగులును గాని, ఆ రేకులలోని గ్రామములు పేర్లుగా మాత్రమే మిగులును.